ఇసుక తిన్న పళ్ళు

రావులపాలెం బైపాస్ పక్కన
అరటిగెలల లారీల వెనక మా రేకుల షెడ్డు.
రాత్రి పదింటికి ట్రాలీ మీద దిగింది
ప్రొక్లెయిన్ బకెట్.
ఐదు పళ్ళు. కిందటి నెల జానెడేసి ఉండేవి,
ఇప్పుడు వక్క నమల్లేని ముసలమ్మ చిగుళ్ళు.

“తెల్లారి ఆరింటికి ర్యాంపులో ఉండాలండీ” అన్నాడు డ్రైవరు.
“ఆయ్” అన్నాడు మా మేస్త్రి, గెద్దాడ ఏసుపాదం.
ఆ ఒక్క మాటకి రాత్రంతా ఖర్చు.

దీన్ని అరగదీసింది రాయనుకుంటున్నావా, అంటాడు నాతో.
గుప్పిట పడితే వేళ్ళ సందుల్లోంచి జారేది,
పిల్లలు పిచ్చుక గూళ్ళు కట్టి
మెల్లగా పాదం లాక్కునేది,
అది.

ముందు గ్యాసు మంట.
చల్లటి ఇనుము కొత్త ఇనుముని ఒప్పుకోదు.
నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమని చావకూడదు,
ముత్యమై దొర్లిపోవాలి. అప్పుడు సరి.

తీగె చుట్ట ఎక్కించాను. పదిహేను కిలోలు.
తెంపి చూస్తే లోపల బోలు, అందులో బూడిదరంగు పొడి.
“ఆత్రేయపురం పూతరేకే ఇది,
పల్చటి రేకు, మడతలో పొడి.
తినేది మాత్రం నిప్పు” అన్నాడు,
నవ్వకుండా.

ముసుగు దించితే లోకం ఒక్క చుక్క.
ఆ చుక్క వెంట ఆయన చెయ్యి,
నిద్రలో పిల్లని జోకొట్టినట్టు, తొందర లేకుండా.
పళ్ళ మీద నిలువు గీతలు,
బకెట్ పెదవి మీద మాత్రం వలకళ్ళలాంటి గళ్ళు.
ఆ గళ్ళలో ఇసుక చేరి గట్టిపడుతుందట,
ఆపైన వచ్చే ఇసుకని
ఆ ఇసుకే కాస్తుందట.

మొదటి పొర పాత ఇనుములో కలిసిపోతుంది, లెక్కలో వెయ్యకు.
రెండోది పని చేస్తుంది.
మూడోది ఆశ.
నాలుగోది వేశావా, మొత్తం పెచ్చులూడి చేతికొస్తుంది.

రెండు దాటాక చల్లారడం మొదలు.
టిక్.
కాసేపాగి, టిక్.
వేలెడు దూరానికొకటి, అడ్డంగా, వెంట్రుకంత పగుళ్ళు.
చేరిన కొత్తలో ఆ చప్పుడుకి గుండె జారి
గ్రైండర్ అందుకున్నాను.
చెయ్యి పట్టుకున్నాడు.
“పగలనీరా.
పగలకుండా బిగబట్టుకున్నదే
ఒకనాడు పన్ను పన్నంతా ఊడిపోతుంది.”

ఆయనది లంక.
పోయినేడు వరదకి కొబ్బరిచెట్లు మూడు,
పశువుల పాక సగం.
ఎగువన తవ్వితే దిగువన గట్టు విరుగుతుందని
రేవులో అందరూ అంటారు, ఆయన అనగా వినలేదు.
గట్టుకి ఇవతల వెదురు గెడ ఒకటి పాతాడు.
ప్రతి ఆదివారం గెడ నుంచి అంచుదాకా కొలుస్తాడు,
పళ్ళు కొలిచే టేపుతోనే.
కిందటి వారం తొమ్మిదడుగుల రెండంగుళాలు.
అంతకు ముందు వారం ఎంతో చెప్పలేదు.

నాలుగో పన్ను దగ్గర అడిగేశాను:
“మేస్త్రీ, ఈ పళ్ళు రేపు
మీ లంక కింద...”

ముసుగు ఎత్తాడు.
చెమట తుడుచుకున్నాడు.
“చుట్టలో తీగె ఇంకెంతుందిరా?” అన్నాడు.

ఉందన్నాను. ఐదో పన్నుకి సరిపడా ఉంది.

తెల్లారేసరికి నా కళ్ళలో గరగర.
ఇసుకేమీ లేదు, ఉన్నట్టుంటుందంతే,
వెలుతురు కొట్టిన దెబ్బ.
అక్క బంగాళదుంప చెక్కలు కోసి రెప్పల మీద పెట్టింది.
చీకట్లో పడుకుని వింటున్నాను.
గౌతమి దిక్కున ఇంజను దగ్గింది, కుదురుకుంది.
మేం పెట్టిన పళ్ళు మొదటి ముద్ద దిగాయి.

ఎక్కడా ఆగలేదు.
మంచి పని, మేస్త్రీ.